ఆరో మిక్స్

“అవసరం పడితే మహిపాల్‌ను కాల్చెయ్.”

గూఢచారి విభాగం సెక్షన్ నైన్ చీఫ్ రాజేశ్వర్ ఈ మాట అన్నది ఏ ఢిల్లీ కాన్ఫరెన్స్ రూములోనో కాదు. బాన్సువాడ బస్టాండ్ ఎదురుగా ఉన్న రేకుల హోటల్‌లో, మిర్చి బజ్జీని నిలువునా చీల్చి అందులో ఉల్లిగడ్డ ముక్కలు కూరుకుంటూ అన్నాడు. ఆయన విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ వేషంలో ఉన్నాడు. చంకలో రెగ్జిన్ బ్యాగు, జేబులో వరసగా పెన్నులు, నెత్తిన మంకీ క్యాప్. 2003 డిసెంబర్. పొద్దున్నే చలి కొరుకుతోంది.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ రవికుమార్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఎన్నో దేశాల్లో, ఎన్నో చీకటి గదుల్లో ఏ ఆర్డర్‌కూ ఎదురు చెప్పని మనిషి. తీరా సొంత ఊరి పక్కకొచ్చాక నోరు తెరిచాడు.

“సార్, మహిపాల్ నా దోస్తు.”

“తెలుసు. అందుకే నిన్ను పంపుతున్న. వేరేటోడైతే వాడు దగ్గరికి రానియ్యడు.”

బ్రీఫింగ్ మొదలైంది. టూకీగా సంగతి ఇదీ. మహిపాల్ తయారుచేసిన రిమోట్ విమానం పేరు ‘గిజిగాడు’. రెక్కల పొడవు మనిషి ఎత్తును మించి ఉంటుంది. దాని పొట్టలో మన దేశం కొత్తగా కనిపెట్టిన కెమెరా ఉంది. కొమ్మలు కప్పినా, వలలు కప్పినా, కింద దాచిన ఫిరంగిని ఆకాశం నుంచి పట్టేసే కెమెరా. ఇవాళ దాని టెస్ట్ ఫ్లైట్, ఎగరేసేదీ మహిపాలే. ఊరివాళ్లకు మాత్రం ఒక ప్రైవేట్ కంపెనీ చేసే పంటల సర్వే అని చెప్పారు. ఆ కంపెనీలో కన్సల్టెంట్‌గా చేరిన విదేశీయుడే ఓర్లో. ఎన్నో పాస్‌పోర్టులున్న మనిషి. అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో!

“ఆ కెమెరా కోసమే ఓర్లో వచ్చిండు,” అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. “ఫ్లైట్ నడుమల విమానం కాలువ పక్క చెరుకు తోటల పడాలె. వాని ముఠా చెరుకు నరికేటోళ్ల వేషంల తోటలనే ఉన్నది. ఆ చెరుకుల ఏనుగు పడ్డా దొర్కదు. చెరుకు కట్టల కింద పెట్టి ట్రాలీల దాటిస్తరు. ప్లాన్ గదీ.”

“విమానం దానంతట అదే ఎట్ల పడ్తది సార్?”

“ట్రాన్స్‌మిటర్‌ల మిక్స్ పెట్టిండ్రు. ఆరో నంబర్ మిక్స్.”

రిమోట్ విమానాల సంగతి తెలియని వాళ్ల కోసం ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. పైలట్ చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీద ఒక్కో మీటకు ఒక్కో పని ఉంటుంది. ఒకటి ఇంజన్‌కు, ఒకటి తోకకు, ఒకటి రెక్కలకు. మిక్స్ పెట్టామంటే, ఒక మీట కదిపినప్పుడు దానికి ఏ సంబంధమూ లేని ఇంకో భాగం కూడా కదులుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టన్నమాట. కదిపే మీటను మాస్టర్ అంటారు, దాని మాట విని కదిలే భాగాన్ని స్లేవ్ అంటారు. మంచివాడి చేతిలో అది వరం. రెక్క వంగగానే తోక తనే సర్దుకుంటుంది, పైలట్‌కు సగం శ్రమ తప్పుతుంది. దుర్మార్గుడు వేలు పెట్టాడా, పైలట్ వేలితోనే పైలట్‌కు తెలియకుండా విమానాన్ని కూల్చేయొచ్చు.

ఆరో మిక్స్‌లో మాస్టర్ కెమెరా స్లైడర్. స్లేవ్ ఏమో ఎలివేటర్, అంటే విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క. కెమెరాను నేల వైపు వంచుదామని మహిపాల్ స్లైడర్‌ను కిందికి లాగగానే విమానం ముక్కే నేల వైపు తిరుగుతుంది. కెమెరా డబ్బాకు సీలు వేసి ఉంటుంది గనుక గాల్లోకి లేచేదాకా ఆ స్లైడర్‌ను ఎవరూ ముట్టుకోరు.

“ఎవరు పెట్టిండ్రు సార్ అది?”

“ఆ ట్రాన్స్‌మిటర్ ఎప్పుడు మహిపాల్ చేతులనే ఉంటది. ఇగ నువ్వే అర్థం చేస్కో.”

“చెరిపేస్తే అయిపాయె గదా?”

“అగో! గంత అల్కగుంటే నిన్నెందుకు పిలుస్త?” చీఫ్ కసిరాడు. “ఫ్లైట్ ముందర ఓర్లో ఏదో వంకతోని మిక్స్‌ల లిస్టు చూస్తడు. ఆరో దాని పక్కకు ‘ఆన్’ అని లేకుంటే ముఠా మొత్తం ఉడాయిస్తది. చెరపకు. గుర్తు తిప్పు. ప్లస్ ఉంటే మైనస్ చెయ్, మైనస్ ఉంటే ప్లస్ చెయ్. మహిపాల్ స్లైడర్ కిందికి గుంజితే విమానం పైకి లేస్తది, తోట దాటిపోతది. దాని కోసం ముఠా బయటికొస్తది, మనోళ్లు పట్టుకుంటరు. లిస్టుల గుర్తు కనబడదు గాబట్టి ఓర్లోకు తెల్వదు.”

రవికుమార్ తల ఊపాడు. చీఫ్ ఇంకా ముగించలేదు.

“ఇగ విను. నువ్వు గుర్తు మార్చినంక గూడ విమానం తోట దిక్కు పడ్డదనుకో. అప్పుడు పడగొట్టేది మిక్స్ కాదు. మహిపాల్ వేళ్లు. వాడు ఓర్లోకు అమ్ముడుపోయినట్టే. వాడు బతికి ఓర్లో జీపెక్కద్దు. సమజైందా? ఈ సంగతి నీకు నాకు తప్ప మూడో మనిషికి తెల్వద్దు.”

చీఫ్ బ్యాగు సర్దుకుని, హోటల్‌వాడితో ఈసారి మక్కజొన్నల ధర గురించి మాట్లాడుతూ వెళ్లిపోయాడు. రవికుమార్ చాయ్ చల్లారిపోయింది. అతను తాగలేకపోయాడు.

మహిపాల్ ఇల్లు బిచ్కుంద రోడ్డు మీద. కెమెరా డబ్బా కోసం డిపార్ట్‌మెంట్ పంపిన మెకానిక్ అని చెప్పుకుని నిన్నటి నుంచి రవికుమార్ అక్కడే ఉంటున్నాడు. నిజానికి ఆ ఇంట్లో అతనికి ఏ వేషమూ అక్కర్లేదు. జుక్కల్ వైపు తండా నుంచి వచ్చి బాన్సువాడ హాస్టల్లో చదువుకునే రోజుల్లో, హాస్టల్ పప్పులో పప్పు కోసం గాలించాల్సి వచ్చేది. ఆదివారం వచ్చిందంటే మహిపాల్ సైకిల్ మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చేవాడు. వాళ్లమ్మ భూమవ్వ ఇద్దరికీ ఒక్క పళ్లెంలో కలిపి ముద్దలు పెట్టేది. థర్మకోల్ కోసి, సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి, ఇద్దరూ మొదటి విమానం ఎగరేసింది ఈ వాకిట్లోనే. అది పోయి పోయి పక్కింటి నాగేశ్వరమ్మ పాలగిన్నెలో పడింది.

అలాంటి ఇంటికి ఇవాళ తుపాకీతో వచ్చాడు. కెమెరా లెన్స్ డబ్బాలో, లెన్స్ ఉండాల్సిన చోట చిన్న పిస్టల్ ఉంది. ఆ డబ్బాను మెడలో వేసుకుని తిరుగుతున్నాడు.

“ఏందిరా రవి, మొకం అట్ల పెట్టినవ్?” వాకిట్లో జొన్న రొట్టెలు కొడుతున్న భూమవ్వ అడిగింది. “పానం బాగలేదా?”

“ఏం లేదవ్వ. చలి.”

“చలికి మొకం పగుల్తది గని గిట్ల దొంగ మొకం అయితదా? ఏం దాస్తున్నవ్ చెప్పు. పిల్లనేమన్న సూసుకున్నవా?”

రవికుమార్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని లోపలికి వెళ్లాడు.

ముందు గదిలో కిటికీ పక్కన ట్రాన్స్‌మిటర్ ఛార్జింగ్‌లో ఉంది. పెరట్లో మహిపాల్ నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. రవికుమార్ ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, మెనూ బటన్ నొక్కిపట్టాడు. సెక్షన్ లాబ్‌లో ఇలాంటివన్నీ వాయించి మరీ నేర్పారు. స్క్రీన్ మీద మిక్స్‌లు ఒక్కొక్కటే వచ్చాయి. మొదటి అయిదూ మహిపాల్‌వి. ఇరవై రెండు శాతం, ఏడు శాతం, పదమూడు శాతం, ఇలా ఉన్నాయి. ఒక్కో అంకె వెనక ఎన్నిసార్లు ఎగరేసి, ఎన్నిసార్లు దింపి, ఎన్నిసార్లు గీకి సరిచేశాడో!

ఆరోది వచ్చింది. మాస్టర్ కెమెరా స్లైడర్. స్లేవ్ ఎలివేటర్. రేటు ప్లస్ వంద.

నూటికి నూరు! మహిపాల్ పుట్టి బుద్ధెరిగాక ఏ మిక్స్‌కూ వంద పెట్టలేదు. ఇది వాడి చెయ్యి కాదు అనుకోగానే రవికుమార్ గుండె తేలికపడింది. మరుక్షణమే సెక్షన్ బుద్ధి అడ్డుపడింది. అమ్ముడుపోయినవాడు తన చెయ్యిలా కనబడేలా రాస్తాడా?

ఇంకో చిక్కు. ప్లస్ వంద అంటే ముక్కు పైకా, కిందికా? అది తోకలోని మోటారును ఏ పక్కకు బిగించారన్న దాన్ని బట్టి ఉంటుంది. విమానం ఎదురుగా ఉంటే స్లైడర్ కదిపి చూస్తే సరిపోయేది. విమానమేమో కంపెనీ వ్యాన్‌లో, ఓర్లో తాళం కింద ఉంది. రవికుమార్ ఎక్కువ ఆలోచించలేదు. పెట్టింది శత్రువు. శత్రువు పెట్టినది ఏ గుర్తయినా అది చావు గుర్తే. తిప్పితే బతుకు.

బటన్ నొక్కుతూ పోయాడు. వంద తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చింది. సున్నా దగ్గర వేలు ఆగింది. ఇక్కడే వదిలేస్తే ఎవరికీ ఏమీ కాదు కదా అనిపించింది. కానీ సున్నా పడగానే లిస్టులో ‘ఆన్’ పోయి ఒట్టి గీత మిగిలింది. ఓర్లో ఆ గీత చూశాడంటే ఆపరేషన్ గంగలో కలిసినట్టే. ఆర్డర్ ఆర్డరే. రవికుమార్ మళ్లీ నొక్కాడు. మైనస్ వంద దాకా నొక్కి, స్విచ్ ఆపేశాడు.

“ఛార్జ్ అయిందా?” వెనక మహిపాల్ గొంతు.

“ఆఁ, అయింది.” ఎలా ఉలిక్కిపడకుండా ఉన్నాడో అతనికే తెలియదు.

మహిపాల్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ పక్కన కూలబడ్డాడు. “ఓర్లో సార్ నన్ను వాళ్ల దేశం రమ్మంటుండు రా. ఇయ్యాల ఫ్లైట్ అయినంక జీపుల కూసోని మాట్లాడుదామన్నడు.”

రవికుమార్ అతని వైపు తిరిగాడు. “నువ్వేమన్నవ్?”

“ఏమంట? సూద్దామన్న.”

భూమవ్వ రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మహిపాల్ ఆవురావురుమంటూ తిన్నాడు. రవికుమార్‌కు రొట్టె తుంపడమే సరిపోయింది. ఏడుపు రావడం లేదు గానీ వస్తే బాగుండుననిపించింది.

కాలువ కట్ట మీది మట్టి రోడ్డే రన్‌వే. యాసంగి పంట నార్లకు వదిలిన నీళ్లు కాలువలో నిండుగా పోతున్నాయి. ఒక పక్క కోసేసిన వరి మళ్లు. ఇంకో పక్క చెరుకు తోట, తెల్లటి వెన్నులు గాలికి ఊగుతున్నాయి. తోట అంచున కొందరు చెరుకు నరుకుతున్నారు. రవికుమార్ ఒక్క చూపులో ముఠాను పట్టేశాడు. నరికేవాళ్లలో సగం మంది చెరుకును మోకాలెత్తున నరుకుతున్నారు! అతని తల్లి మోతీబాయి ఏళ్ల తరబడి చెరుకు నరికిన మనిషి. చెరుకు తీపంతా మొదట్లోనే, భూమికి ఆనించి కొట్టకపోతే రైతు చెంప పగలగొడతాడు. వీళ్లకు ఆ ముక్క కూడా ఎవరూ నేర్పలేదు.

కంపెనీ సుమో జీపు, దాని వెనక గిజిగాడు ఉన్న వ్యాన్ వచ్చి ఆగాయి. సుమో ముందు డోరు తెరుచుకుని సింధుజ దిగింది. దిగడమంటే అలా ఇలా కాదు. మెరూన్ లెదర్ జాకెట్, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. కాలు పెట్టగానే మడమ మట్టిలో దిగబడింది, అయినా ముఖంలో నవ్వు చెదరలేదు. వరి మడిలో కోతకు రాలిన పరిగె ఏరుకుంటున్న కూలి మనిషి కమ్లి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

“అగో, సినిమా షూటింగేమో గదనే!” అంది పక్కనున్న ఆమెతో.

సింధుజ కంపెనీ పీఆర్వో. సెక్షన్ ఫైలు ప్రకారం ఓర్లోకు కుడిభుజం. లిప్‌స్టిక్ గొట్టంలో ఒంటి తూటా పిస్టల్ దాచుకుని తిరిగే మనిషి. రవికుమార్ ఆమెకు రెండడుగుల దూరంలోనే నిలబడ్డాడు.

ఓర్లో దిగి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వచ్చాడు. “బ్యాటరీ చూస్తాను,” అంటూ వచ్చీరాని తెలుగులో మహిపాల్ చేతిలోంచి ట్రాన్స్‌మిటర్ తీసుకున్నాడు. బొటనవేలు లిస్టు మీద చకచకా కదిలింది. ఒకచోట ఆగింది. ఓర్లో పెదవుల మీద సన్నటి నవ్వు మెరిసి మాయమైంది.

“బాగు. చాలా బాగు,” అన్నాడు తిరిగి ఇచ్చేస్తూ.

ఇంజన్ స్టార్టయింది. గిజిగాడు కట్ట మీద దుమ్ము లేపుకుంటూ పరుగెత్తి గాల్లోకి లేచింది. మహిపాల్ ముఖం చూడాలి అప్పుడు! ఇంతింత కళ్లు చేసుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు థర్మకోల్ విమానం వెంట పరుగెత్తినప్పటిలాగే ఉన్నాడు. అతని కుడి భుజం వెనక రవికుమార్ నిలబడ్డాడు. లెన్స్ డబ్బా మూత తీసి ఉంది.

దేవుడా, అది పైకే లేవాలి. స్లైడర్ లాగగానే పైకి లేవాలి. రవికుమార్‌కు ఆ క్షణాన దేశమూ గుర్తులేదు, కెమెరా గుర్తులేదు. పైకి లేస్తే వీడు బతుకుతాడు. అదొక్కటే.

విమానం మళ్లు చుట్టి తోట మీదికి వచ్చింది.

“కెమెరా డౌన్, ప్లీజ్,” అన్నాడు ఓర్లో మెల్లగా.

మహిపాల్ ఎడమ చూపుడు వేలు స్లైడర్‌ను కిందికి లాగింది.

గిజిగాడు ముక్కు కిందికి తిరిగింది.

రవికుమార్ లెన్స్ డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుర్తు తను స్వయంగా తిప్పాడు. మిక్స్ ఇప్పుడు ముక్కును పైకి ఎత్తుతుంటుంది. అయినా విమానం తోట మీదికి దూకుతోందంటే దాన్ని దూకిస్తున్నది ఒక్కటే. మహిపాల్ వేళ్లు. చీఫ్ చెప్పిందే నిజమైంది. పిస్టల్ అతని చేతిలోకి వచ్చేసింది.

“అరె! అరె! ఎలివేటర్ ఇంటలేదు రా!” మహిపాల్ అరిచాడు.

“నాటకాలొద్దు! లేపు పైకి!”

మహిపాల్ తల తిప్పాడు. జానెడు దూరంలో పిస్టల్ గొట్టం.

“రవీ?” అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట అని, తుపాకీని వదిలేసి మళ్లీ విమానం వైపే చూపు తిప్పుకున్నాడు. తలకు తుపాకీ గురిపెట్టి ఉన్నా వాడికి విమానం గురించే బెంగ! రవికుమార్ కళ్లు వాడి చేతుల మీద పడ్డాయి. కుడి బొటనవేలు ఎలివేటర్‌ను నడిపే పుల్లను తన వైపుకు, చివరంటా లాగి పట్టుకుని ఉంది. గోరు తెల్లబడింది. పైకి లేపడానికి లాగాల్సిన వైపే అది. కూల్చేవాడు అలా లాగడు.

మరి కూలుస్తున్నదెవరు?

“కాల్చకు!” సింధుజ గొంతు చిరిగిపోయేలా అరిచింది. కళ్లద్దాలు ఎగిరి కింద పడ్డాయి. “మహిపాల్ ఏం చేయలేదు! మిక్స్‌లో మైనస్ తీసి ప్లస్ పెట్టింది నేను! నేను సెక్షన్ నైన్! ఇది పైకి పోవాలి, ఎందుకు దిగుతోందో నాకు తెలియడం లేదు!”

రవికుమార్‌కు తెలిసింది. పొద్దున్న తను చూసిన ప్లస్ శత్రువు రాసింది కాదు. ఆమె రాసింది. బతుకు గుర్తు. తను దాన్ని దగ్గరుండి, సున్నా దాటించి మరీ చావు గుర్తుగా మార్చాడు.

పిస్టల్ వదిలేశాడు. మహిపాల్ మీదికి ఒక్క దూకు దూకి, స్లైడర్‌ను వేలితో పట్టి ఆ కొస నుంచి ఈ కొసకు, పైకి తోసేశాడు. కిందికి లాగితే కూల్చే మిక్స్, పైకి తోస్తే లేపాలి. లేపక చస్తుందా!

చెరుకు వెన్నులకు తోక తగిలి తెల్లటి దూదిపోగులు ఎగిరాయి. నరికేవాళ్లు తలలు పట్టుకుని కింద పడ్డారు. ఆ తెలుపులోంచి గిజిగాడు నిట్టనిలువునా లేచింది. లేవడం కూడా మామూలుగా లేవలేదు. మిక్స్ ఒక పక్క, మహిపాల్ వేలు ఒక పక్క పైకే లాగుతుండటంతో వెల్లకిలా తిరగబోయింది.

“పుల్ల వదులు రా, వదులు!”

“వదుల్తున్న, నువ్వు జరుగు! నా మీదెక్కినవేంది!”

మహిపాల్ పుల్ల వదిలాడు, స్లైడర్‌ను నడిమికి తెచ్చాడు. విమానం ఒకసారి తూలి, నిలదొక్కుకుని, కాలువ మీదుగా హాయిగా చక్కర్లు కొట్టడం మొదలుపెట్టింది.

ఓర్లో ఇంకా అక్కడే ఉంటాడా? వేరుశనక్కాయల పొట్లం విసిరేసి సుమో ఎక్కి కట్ట వెంట దౌడు తీయించాడు. ఎంతో దూరం పోలేదు. ఎదురుగా చెరుకు ట్రాక్టర్ వచ్చింది, వెనక రెండు ట్రాలీలతో. కాలువ కట్ట వెడల్పంతా అదే. ఓర్లో హారన్ మీద హారన్ కొట్టాడు. ట్రాక్టర్ నడుపుతున్న లక్‌పతి ఇంజన్ ఆపి, తాపీగా బీడీ తీశాడు.

“రెండు ట్రాలీలతోని నేనెట్ల ఎనకకు వోవాలె సారూ? ఒకటి ఇటు మల్తది, ఒకటి అటు మల్తది. నువ్వే వో.”

ఓర్లో కిటికీలోంచి పిస్టల్ చూపించాడు. లక్‌పతి ఒక్క గెంతులో ట్రాక్టర్ దిగి మడిలోకి దూకాడు. కానీ ట్రాక్టర్ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఓర్లో రివర్స్ గేర్ వేసేలోపు మడమ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చిన సింధుజ లిప్‌స్టిక్‌ను అతని చెవికి ఆనించింది.

“ఆయన చెప్పింది నిజమే మిస్టర్ ఓర్లో,” అంది వగరుస్తూ. “వెనక్కి పోవడం చాలా కష్టం.”

తోటలో ముఠా కత్తులు పారేసి చేతులెత్తింది. నరికేవాళ్లలో సగం మంది సెక్షన్ మనుషులే. భూమికి ఆనించి నరుకుతున్నవాళ్లు వాళ్లే.

విమానం దిగాక చీఫ్ రాజేశ్వర్ విత్తనాల బ్యాగుతోనే కట్టెక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. “శభాష్! సూపర్ ఆపరేషన్!” అన్నాడు.

రవికుమార్‌కు ఒళ్లు మండిపోయింది. “సార్, ఆమెకూ గుర్తు తిప్పమని చెప్పింది మీరేనా?”

“అవును. నిన్న బ్యాటరీ చూస్తనని తీస్కోని ఓర్లో ఎదురుంగ మైనస్ పెట్టింది, వాడు పోయినంక ప్లస్ చేసింది. నేనే చెప్పిన.”

“నాకెందుకు చెప్పలేదు? నిన్ననే తిప్పేసిందని చెబితే నేను ముట్టుకునేవాణ్ని కాదు!”

“డబుల్ సేఫ్టీ. ఆమె తిప్పలేకపోతే నువ్వు తిప్పుతవని.”

“రెండుసార్లు తిప్పితే మొదటికే వస్తుంది కదా సార్!” సింధుజ నెత్తి కొట్టుకుంది.

చీఫ్ కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. “నీకు చెప్తే ఆమె ఎవరో నీకు తెలుస్తది, ఆమెకు చెప్తే నువ్వెవరో ఆమెకు తెలుస్తది,” అన్నాడు చివరికి, కొంచెం తగ్గి. “ఇగ సీక్రెట్ సర్వీస్ అనెందుకు?” ఆ మాట అనేసి, ఓర్లోను జీపెక్కించే పని ఉందంటూ గబగబా వెళ్లిపోయాడు.

మహిపాల్ కాలువ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ట్రాన్స్‌మిటర్. చేతిలో రవికుమార్ పిస్టల్. మట్టిలో పడ్డదాన్ని ఏరుకుని అంగీ కొసతో తుడుస్తున్నాడు. రవికుమార్ వెళ్లి పక్కన నిలబడ్డాడు. కూర్చోమని మహిపాల్ అనలేదు.

“ఓర్లోతో సూద్దామన్న అంటే పోతనని సమజైందా నీకు?” అన్నాడు మహిపాల్ నీళ్ల వైపు చూస్తూ. “సూద్దామంటే వద్దని గాదా రా? ఇక్కడోనివేనా నువ్వు?”

రవికుమార్ కాలితో మట్టి గీకాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“నిజం చెప్పు. ఆ పిల్ల మొత్తుకోకుంటే కాల్చేటోనివా?”

అబద్ధం ఎలా చెప్పాలో సెక్షన్‌లో నేర్పారు. కళ్లు ఆర్పకుండా, గొంతు జీర పోకుండా, ఎంతటివాడినైనా నమ్మించొచ్చు. నీ వేలు చూశాను, నీది తప్పు కాదని అప్పటికే అర్థమైంది అని చెప్పొచ్చు. అందులో సగం నిజం కూడా. కానీ ట్రిగ్గర్ మీద తన వేలు ఎంత బిగిసి ఉందో రవికుమార్‌కు గుర్తుంది.

“తెల్వదు రా,” అన్నాడు. “కాల్చకపోదుననే అనుకుంటున్న. గని తెల్వదు.”

మహిపాల్ పిస్టల్ తుడవడం ఆపేశాడు. కాలువలో గుర్రపుడెక్క ముద్ద ఒకటి కొట్టుకుపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

“తెల్వదన్నవ్ గాబట్టి సరే,” అన్నాడు చివరికి. “ఖాయంగ కాల్చకపోతుంటి అన్నవనుకో, గీ కాలువల్నే ముంచుతుంటి నిన్ను.”

పిస్టల్‌ను అటు తిప్పి, పిడి ముందుకు పెట్టి ఇచ్చాడు. రవికుమార్ తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, సామాను మోయడంలో సాయం చేద్దామని ట్రాన్స్‌మిటర్ వైపు చెయ్యి చాపాడు.

మహిపాల్ దాన్ని చటుక్కున చంకలో ఇరికించుకున్నాడు.

“గది నీ దగ్గరుంటే ఉండనీ గని,” అన్నాడు పిస్టల్‌ను గడ్డంతో చూపిస్తూ, “గిది మాత్రం ముట్టకు.”